ఆల్కలైన్ డైట్ మన వంటింట్లో: కూరెక్కువ, అన్నం తక్కువ

పొద్దున్నే బూడిద గుమ్మడికాయ రసం, పదకొండింటికి కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం పచ్చి కూరగాయ ముక్కలు, రాత్రికి రెండు పండ్లు. కొన్నేళ్ళ కిందట నేను ఆల్కలైన్ డైట్, అంటే ఒంట్లో ఆమ్లం తగ్గించి క్షారం పెంచుతుందని చెప్పే తిండి, మొదలుపెట్టింది ఇలాగే, ఒక శిబిరంలో ఇచ్చిన కాగితం చూసి. నాలుగో రోజు సాయంత్రం మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. శిబిరంవాళ్ళకి ఫోన్ చేసి అడిగితే, "ఒంట్లో విషాలు బయటికి వస్తున్నాయండీ, మొదట్లో అలాగే ఉంటుంది, ఆపకండి" అన్నారు. నేను ఆపేశాను. నాలుగు రోజులుగా పప్పు లేదు, గింజ లేదు, ఉప్పు లేదు. ఒంటికి తిండి సరిపోలేదు, జరిగింది అంతే.

ఆ కాగితం పారేశాను గానీ, అందులో ఉన్న ఒక్క మాట నన్ను వదల్లేదు. రోజూ తినే తిండిలో కూరగాయలూ ఆకుకూరలూ పండ్లూ ఎక్కువుండాలి. అది నిజమే కదా. అక్కడి నుంచి చదువుతూ, వండుతూ, ఇంట్లోవాళ్ళకి పెడుతూ, మా డాక్టరుగారిని అడుగుతూ ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో అదే మామూలు భోజనం. ఆ పద్ధతినే మొదటి నుంచీ చెబుతాను. తొందర లేకుండా చదవండి, తొందర లేకుండా మొదలుపెట్టండి.

ముందు రక్తం సంగతి

ఆమ్లం, క్షారం కొలిచే కొలత పీహెచ్. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. మన రక్తం పీహెచ్ 7.35కీ 7.45కీ మధ్యే ఉంటుంది. తోటకూర తిన్నా, వేటమాంసం తిన్నా అక్కడే ఉంటుంది. కాస్త అటూ ఇటూ అవగానే ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ని ఎక్కువగానో తక్కువగానో వదిలి సర్దుతాయి, మూత్రపిండాలు మిగిలిన ఆమ్లాన్ని మూత్రంలోకి నెట్టేస్తాయి. తిండితో రక్తం పీహెచ్ మార్చడం మన చేతిలో లేదు. అలా మారడం మొదలైతే అది జబ్బు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన జబ్బు.

తిండిని బట్టి నిజంగా మారేది మూత్రం. ఈ సంగతి 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ గమనించాడు. ఆయన ప్రయోగశాలకి ఒకసారి సంత నుంచి కుందేళ్ళు తెచ్చారు. వాటి మూత్రం తేటగా, ఆమ్లంగా ఉంది. గడ్డి తినే జీవుల మూత్రం మామూలుగా మడ్డిగా, క్షారంగా ఉంటుంది. ఇవి ఆకలితో మాడి తమ కండనే కరిగించుకుంటున్నాయేమోనని ఆయనకి తోచింది. గడ్డి పెట్టాడు, మూత్రం క్షారమైంది. మళ్ళీ పస్తుంచాడు, ఆమ్లమైంది. శిబిరం కాగితం పట్టుకుని కడుపు మాడ్చుకున్న నాకు ఈ కుందేళ్ళ కథ చదివినప్పుడు ఎంత స్పష్టంగా అర్థమైందో! పస్తుంటే ఒంట్లో తయారయ్యేది ఆమ్లమే. క్షార ఆహారం అంటూ ఎవరైనా మిమ్మల్ని రోజుల తరబడి పస్తుంచితే ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు.

1995లో జర్మనీకి చెందిన థామస్ రేమర్, ఫ్రీడ్రిక్ మాంజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ పదార్థం మూత్రపిండాల మీద ఎంత ఆమ్లభారం వేస్తుందో లెక్కగట్టి ఒక పట్టిక వేశారు. దాన్ని ప్రాల్ లెక్క అంటారు. మాంసకృత్తులూ భాస్వరం ఎక్కువుంటే అంకె పైకి, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సున్నా కిందికి, అంటే క్షారం వైపు వెళ్తుంది. వంద గ్రాములకి పాలకూర మైనస్ 14, ఎండుద్రాక్ష మైనస్ 21, అరటిపండు మైనస్ 5.5. నిమ్మరసం నోటికి పుల్లగా ఉన్నా మైనస్ 2.5. అందులోని సిట్రిక్ ఆమ్లం ఒంట్లో కాలిపోయి, పొటాషియం మిగులుతుంది. ఆమ్లం వైపు కోడిమాంసం 8.7, గుడ్డు 8.2, వేరుశనగ 8.3, పాలు 0.7 మాత్రమే.

ఈ పట్టికని మంచివీ చెడ్డవీ అని రెండు కుప్పలుగా చూడకండి. ఆ లెక్కలో ముడిబియ్యం తెల్లబియ్యం కంటే ఎక్కువ ఆమ్లం, పప్పుదినుసులు కూడా ఆమ్లం వైపే. అంతమాత్రాన పప్పు మానేసి ఎండుద్రాక్ష తింటూ కూర్చుంటామా? పళ్ళెం మొత్తం ఎటు మొగ్గుతోందో చూడటానికి మాత్రమే పనికొస్తుంది ఆ లెక్క.

క్షార ఆహారంతో క్యాన్సర్ తగ్గుతుందనీ, ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోకుండా ఆపుతుందనీ చెప్పేవాళ్ళున్నారు. కెనడా పరిశోధకులు అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ వడబోసి 2011లో ఎముకల గురించీ, 2016లో క్యాన్సర్ గురించీ రాశారు. రెండింటికీ తగిన ఆధారం దొరకలేదు. జబ్బుతో ఉన్న మనిషికి ఈ ఆశ చూపి మందు మాన్పించడం ఘోరం. మీ ఇంట్లో ఎవరైనా ఆ దారిలో ఉంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

మరి ఎందుకు తినాలంటే, ఇదిగో కారణం. 1997లో అమెరికాలో 459 మంది మీద జరిగిన డాష్ అధ్యయనంలో కూరగాయలు, పండ్లు, కొవ్వు తక్కువున్న పాలు పెరుగు ఎక్కువగా ఇస్తూ 8 వారాలు చూశారు. బీపీ ఉన్నవాళ్ళలో, మామూలు అమెరికా తిండి తిన్నవాళ్ళతో పోలిస్తే, పై అంకె 11.4 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. ఒక మాత్ర చేసే పనికి దరిదాపుల్లో ఉంది. ఆ తిండిలో పీహెచ్ గొడవే లేదు. పొటాషియం, పీచు, మెగ్నీషియం, కూరగాయల రాశి, అవి చేసిన పని అది.

డిటాక్స్ అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాలేయం, మూత్రపిండాలు ఆ పనిమీదే ఉన్నాయి, రాత్రీ పగలూ. మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లే బయటికి పంపుతాయి. వాటికి మనం రసాలు పోసి సాయం చేయక్కర్లేదు. ఉప్పు, చక్కెర, సారా, అక్కర్లేని నొప్పి మాత్రలు తగ్గించి వాటి మీద బరువు దించితే చాలు.

మొదలుపెట్టకముందే డాక్టరుని కలవాల్సినవాళ్ళు

ఈ భాగం దాటెయ్యకండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు ఈ తిండి సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆకుకూరలు, అరటిపండు, కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. ఒక పెద్ద గ్లాసు కొబ్బరినీళ్ళలోనే సుమారు 600 మిల్లీగ్రాములు. పనిచేసే మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందస్తు సూచన కూడా ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంత ఎక్కువో మనందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్ని ఇళ్ళలో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళున్నారో. అది కొబ్బరితోటల నేల, ఇంటికొచ్చినవాళ్ళకి బొండం కొట్టి ఇవ్వడం అక్కడి మర్యాద. రోగి చేతికి ఆ బొండం ఇవ్వకూడదని ప్రేమున్నవాళ్ళే తెలుసుకోవాలి. అలాంటివాళ్ళకి కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి వండమని డాక్టర్లు చెబుతారు. ఏ కూర ఎంత తినాలో వాళ్ళ పరీక్షల ఫలితాలు చూసి డాక్టరే చెప్పాలి.

బీపీకీ గుండెకీ ఇచ్చే టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళకి కూడా పొటాషియం పెరిగే అవకాశముంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచితే ఆకుల్లోని విటమిన్ కె వల్ల మందు పనిచేయడం తగ్గిపోతుంది. షుగరుకి ఇన్సులిన్, గ్లైమిపిరైడ్ లాంటివి వాడేవాళ్ళు మందు అలాగే ఉంచి అన్నం సగం చేస్తే షుగరు పడిపోయి ప్రమాదం. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు డిటాక్స్ పేరుతో ఏదీ మానకూడదు. మిగతావాళ్ళు కూడా మూత్రపిండాల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, పొటాషియం, షుగరు ఒకసారి చేయించుకుని, బీపీ చూపించుకుని మొదలుపెడితే మంచిది. మూడు నెలల తర్వాత పోల్చుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది.

మొదటి వారం: ఏమీ మార్చకండి, రాయండి

ఒక చిన్న పుస్తకం వంటింట్లో పెట్టుకోండి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం తిన్నారో రాయండి. గ్రాములు అక్కర్లేదు, గరిటెలు చాలు. "అన్నం 4 గరిటెలు, బెండకాయ వేపుడు 1, పప్పు 1, ఆవకాయ, మజ్జిగ." ఇలా. రెండోరోజుకే తెలిసిపోతుంది. నా పుస్తకంలో మొదటి వారమంతా కూర అన్న చోట 1 తప్ప వేరే అంకె లేదు. ఆకుకూర రెండు రోజులే, పండు ఒక్కరోజే.

ఇప్పుడు దీన్ని మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పినదాంతో పోల్చండి. 2024లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఆ సంస్థ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకి 2000 కిలోక్యాలరీలు తినే మనిషి పళ్ళెంలో కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, గింజధాన్యాలు 250, పప్పులు 85, గింజలూ పలుకులూ 35 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు ఉండాలి. ఇవన్నీ వండకముందు బరువులు. అంటే కూరగాయలూ పండ్లూ కలిపి అరకిలో, బియ్యం గోధుమలు అందులో సగం. నాకు తెలిసినంతలో మంచి క్షార ఆహారానికి కొలత ఇదే. వేరే పట్టిక కొనుక్కోనక్కర్లేదు.

రెండు, మూడు వారాలు: కూరని తినే కూరగా వండటం

అసలు పని ఇక్కడుంది. మన కూర అన్నంలో కలుపుకోవడానికి పుట్టిన కూర. ఉప్పూ కారం ఆ అన్నానికి సరిపోయేలా వేస్తాం. ఒక గరిటె కూర నాలుగు గరిటెల అన్నానికి రుచి ఇవ్వాలి కదా. ఆ కూరనే మూడు గరిటెలు తినమంటే ఎవరూ తినలేరు. తిన్నా ఉప్పు మూడింతలు లోపలికి పోతుంది. ఆల్కలైన్ డైట్ అంటూ కూరలు పెంచినవాళ్ళు పదిరోజుల్లో విసిగి వదిలేసేది ఇందుకే అని నా నమ్మకం.

కాబట్టి మొదట మార్చాల్సింది వండే తీరు. అదే కూరగాయ రెట్టింపు కోయండి, ఉప్పు మాత్రం పాతంతే వేయండి, కారం ఇంకాస్త తగ్గించండి. ఉత్తిగా నోట్లో వేసుకుంటే బాగుండాలి, అదీ పరీక్ష. రుచి కోసం ఉప్పు కాకుండా వేరేవి పట్టుకోండి. దించే ముందు నిమ్మరసం, వేయించిన నువ్వులపొడి, పచ్చికొబ్బరి, అల్లం పచ్చిమిర్చి ముద్ద, ఇంగువ పోపు, ఆవపిండి. ఆవపెట్టిన అరటికాయ కూరకి, అరటిపువ్వు కూరకి ఉప్పు చాలా తక్కువ పడుతుంది, ఆవఘాటే నడిపిస్తుంది.

వేపుళ్ళు వారానికి ఒకటికి తగ్గించండి. ఎక్కువ రోజులు నీటి కాయలు పెట్టుకోండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, బూడిద గుమ్మడి, దోసకాయ. అరకిలో బీరకాయ మూకుట్లో వేసి మూతపెడితే చుక్క నీళ్ళు పోయకుండానే తన నీటిలో తను మగ్గుతుంది. ఒక గుప్పెడు నానిన పెసరపప్పు అందులో వేస్తే కూర చిక్కబడుతుంది, పప్పు కూడా లోపలికి పోతుంది. నూనె ఒక చెంచా పోపుకి చాలు. తొక్కు పారేయకండి, రెండు పచ్చిమిర్చితో మగ్గించి రోట్లో నూరితే పొట్టు పచ్చడి.

సొరకాయ కోసేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయ రసం తాగి రక్తం కక్కుకున్నవాళ్ళున్నారు, ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆరోగ్యానికి మంచిదని ముక్కు మూసుకుని చేదు మింగే పని ఇక్కడ మాత్రం చేయకూడదు.

వడ్డన కూడా మారాలి. ముందు పళ్ళెంలో కూర వడ్డించుకుని నాలుగు ముద్దలు ఉత్తికూర తినండి. తర్వాత అన్నం. రెండో వారంలో అన్నం తగ్గించకండి, కూర పెంచండి చాలు. మూడోవారానికి అన్నం దానంతటదే ఒక గరిటె తగ్గుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఒక గరిటె అన్నానికి రెండు గరిటెల కూర. మా అమ్మ డెబ్బై దాటిన మనిషి. మొదట్లో "ఇదేం తిండే, అన్నం లేకుండా కడుపు నిండుతుందా" అన్నది. పదిరోజులకి తనే ముందు కూర గిన్నె దగ్గరికి లాక్కోవడం మొదలుపెట్టింది.

ఆకుకూర రోజూ, రకం మార్చి

రోజుకి మనిషికి వంద గ్రాముల ఆకు. అది వండితే రెండు గరిటెలు కూడా రాదు, భయపడకండి. తోటకూర, మెంతికూర, బచ్చలి, గంగవావిలి, పొన్నగంటి, చుక్కకూర, గోంగూర, పాలకూర, మునగాకు. రైతుబజారుకి పొద్దున్నే వెళ్తే వీటిలో ఆరేడు దొరుకుతాయి. మునగాకు మన వీధిలోనే ఉంటుంది, అడిగితే కోసిస్తారు.

కడగడం దగ్గర బద్ధకిస్తే అందరికీ ఆకుకూర మీదే విసుగొస్తుంది. వేళ్ళు కోసి, కట్ట విప్పి, పెద్ద గిన్నెలో నిండా నీళ్ళు పోసి ఆకు ముంచండి. రెండు నిమిషాలు వదిలేయండి. ఆకుని పైనుంచి చేతులతో ఎత్తి వేరే గిన్నెలోకి తీయండి, గిన్నె వంచి నీళ్ళు వంపకండి. వంపితే అడుగున దిగిన ఇసుకంతా మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. ఇలా మూడుసార్లు. మూడో గిన్నె అడుగున వేలు పెట్టి చూస్తే గరుకు తగలకూడదు. ఆ తర్వాతే కోయాలి, కోశాక కడగకూడదు.

పచ్చరంగు పోకూడదని వంటసోడా చిటికెడు వేసే అలవాటు కొందరికుంది. సోడా వేస్తే విటమిన్లు పోతాయి, సోడియం చేరుతుంది. మూత తీసి వండితే రంగు బాగానే ఉంటుంది.

పచ్చి ఆకుల రసాలు వద్దు. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు, అంటే కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో రాళ్ళు కట్టే పదార్థాలు ఎక్కువ. రెండు కట్టల పాలకూర ఎవరూ ఒక్కపూట కూరగా తినరు, కానీ మిక్సీలో వేస్తే ఒక గ్లాసులో పట్టేస్తుంది. అలా రోజూ తాగినవాళ్ళలో మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. ఇంతకుముందు రాళ్ళు వచ్చినవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. పాలకూర ఉడికించి నీళ్ళు వంపేస్తే ఆక్సలేట్ చాలామటుకు పోతుంది. పెరుగుతో కలిపి తింటే అందులోని కాల్షియం మిగిలినదాన్ని పేగులోనే పట్టేస్తుంది. పాలకూర పెరుగుపచ్చడి మంచి వంటకం ఈ లెక్కలో.

పప్పు, గుడ్డు, చేప మానకండి

పట్టికలో ఇవి ఆమ్లం వైపున్నాయని మానేసేవాళ్ళని చూస్తే నాకు బెంగగా ఉంటుంది, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళని. మాంసకృత్తులు చాలకపోతే కండ కరుగుతుంది, కాళ్ళలో బలం పోతుంది, పడితే లేవలేరు. రోజుకి 85 గ్రాముల పప్పు అంటే రెండుపూటలా మంచి గిన్నెడు పప్పు. పెసరట్టు, శనగల గుగ్గిళ్ళు, పప్పుచారు అన్నీ అందులోకే వస్తాయి.

మాంసం తినేవాళ్ళకి మన పెద్దవాళ్ళ వంటల్లోనే దారి ఉంది. గోంగూర మాంసం, చింతచిగురు రొయ్యలు, తెలంగాణలో దోసకాయ మాంసం, మునక్కాయ మాంసం. ఎప్పుడూ మాంసం పక్కన ఆకో కాయో ఉండేది. అప్పుడు మాంసం కొద్దిగా దొరికేది, ఆకు దానికి తోడయ్యేది. అలాగే వండండి. పావుకిలో మాంసానికి రెండు పెద్ద కట్టల ఆకు. బిర్యానీలో ఆ ఆకు లేదు, అందుకని అది పండగ తిండిగానే ఉండనివ్వండి.

పాలు, పెరుగు కూడా పూర్తిగా మానేసి శాకాహారం తినాలనుకుంటే విటమిన్ బి12 మాత్ర డాక్టరుని అడిగి వాడుకోవాల్సిందే. కూరగాయల్లో అది దొరకదు.

టిఫిను

మన పొద్దుటి తిండిలో బియ్యం, రవ్వ, నూనె తప్ప వేరేది ఉండదు. ఇడ్లీ మానక్కర్లేదు. నాలుగు ఇడ్లీలూ కొబ్బరి చట్నీ కాకుండా, రెండు ఇడ్లీలు, ములక్కాడ సొరకాయ గుమ్మడి ముక్కలు నిండిన సాంబారు పెద్ద గిన్నెడు. ఉప్మాలో రవ్వ ఎంతో కూరముక్కలు అంత. పెసరట్టులో ఉల్లి, అల్లం, గుప్పెడు మెంతికూర. రాగి జావలో పల్చటి మజ్జిగ పోసుకుని, పక్కన ఒక జామపండు.

చిరుధాన్యాలు క్షారం అని అమ్ముతున్నారు. అవీ గింజలే. పీచుంది, మంచివి, తినండి. కానీ కొర్రన్నం నాలుగు గరిటెలు, కూర ఒక గరిటె అయితే మనం మార్చిందేమీ లేదు.

పండు కొరికి తినండి, రసం తీయకండి. జామ, బొప్పాయి, నేరేడు, బత్తాయి, ఏ కాలంలో ఏది చవగ్గా ఉంటే అది.

ఉప్పు

రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దాదాపు ఒక టీచెంచా, అదీ పొద్దుటి ఇడ్లీపిండి నుంచి రాత్రి మజ్జిగదాకా అన్నీ కలిపి. ఇంటిల్లిపాదికీ నెలకి ఎన్ని ఉప్పు ప్యాకెట్లు కొంటున్నారో చూస్తే లెక్క తెలిసిపోతుంది. నలుగురికి నెలకి 600 గ్రాములు దాటకూడదు. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయల్లో ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆవకాయ మానమని నేను చెప్పను. పళ్ళెంలో ముక్క కాకుండా వేలి చివర అంత ముద్ద వేసుకోండి, రోజూ కాకుండా వారానికి రెండుసార్లు. మజ్జిగలో ఉప్పు మానడం అన్నిటికంటే తేలిక, కరివేపాకు అల్లం నలిపి వేస్తే ఉప్పు గుర్తుకురాదు.

సైంధవ లవణం, గులాబీరంగు ఉప్పు కూడా ఉప్పే. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు.

నీళ్ళు

లక్షలు పోసి ఆల్కలైన్ నీళ్ళ మిషను కొనకండి. కడుపులో ఆమ్లం పీహెచ్ సుమారు 1.5 నుంచి 3.5. అందులో పడగానే ఆ నీళ్ళ క్షారం అక్కడికక్కడే పోతుంది. ఆ డబ్బుతో ఇంటికి ఏళ్ళ తరబడి కూరగాయలొస్తాయి. వంటసోడా కలుపుకుని తాగడం ఇంకా తప్పు. సోడియం పెరిగి బీపీ ఎక్కుతుంది, మితి మీరితే రక్తం నిజంగానే క్షారమై ప్రాణం మీదికొస్తుంది. మంచినీళ్ళు దాహానికి తగ్గట్టు తాగండి, ఎండల్లో ఇంకాస్త. నిమ్మకాయ నీళ్ళు ఇష్టమైతే తాగండి, చక్కెర వద్దు. కాఫీ ఒకటి రెండు కప్పులు పర్వాలేదు.

ఒకరోజు మా ఇంట్లో

పొద్దున రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు. పదకొండింటికి జామపండు. మధ్యాహ్నం మూడు గరిటెల బీరకాయ పెసరపప్పు కూర, తోటకూర పప్పు రెండు గరిటెలు, అన్నం రెండు, గిన్నెడు పెరుగు, కోసిన దోసకాయ ముక్కలు. సాయంత్రం నానబెట్టిన వేరుశనగలు గుప్పెడు, లేకపోతే ఉడికించిన చిలగడదుంప ఒకటి. రాత్రి ఏడున్నరకి రెండు జొన్నరొట్టెలు, వంకాయ టమాటా కూర నిండుగా, మజ్జిగ. ఆదివారం చేపల పులుసు, దాంతోపాటు గంగవావిలి వేపుడు.

మొదటి నెలలో ఎదురయ్యేవి

కడుపు ఉబ్బరం, గ్యాసు వస్తాయి. పీచు ఉన్నట్టుండి పెరిగితే పేగుకి అలవాటు పట్టాలి. అందుకే వారం వారం పెంచమన్నాను. పచ్చి ముక్కలు తగ్గించి ఉడికించినవి తినండి, వాము జీలకర్ర వేసుకోండి. కాఫీ ఒక్కసారిగా మానితే రెండుమూడు రోజులు తలనొప్పి, అది కెఫీన్ లేకపోవడం వల్ల. కళ్ళు తిరగడం, నీరసం, గుండెదడ వస్తే "విషాలు పోతున్నాయి" అని ఎవరు చెప్పినా వినకండి. తిని కూర్చోండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మూత్రంలో కాగితం ముంచి రంగు చూసుకుంటూ గడపకండి. ఆ రంగు నిన్న రాత్రి ఏం తిన్నారో చెబుతుంది, ఆరోగ్యం సంగతి చెప్పదు. యూరిక్ ఆమ్లం రాళ్ళున్నవాళ్ళకి డాక్టర్లు మూత్రం పీహెచ్ పెంచే మందులిస్తారు, కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ళయితే అదే క్షారం రాళ్ళని పెంచుతుంది. ఆ నిర్ణయం వాళ్ళది. మీరు చూసుకోవాల్సింది వారానికోసారి బీపీ, నెలకోసారి నడుము చుట్టుకొలత, పొద్దున విరేచనం సాఫీగా అవుతోందా లేదా, మెట్లెక్కితే ఆయాసం ఎలా ఉంది.

పెళ్ళిళ్ళు, పండగలు వస్తాయి. విస్తట్లో వేసినవి సంతోషంగా తినండి, మర్నాడు రసాలతో పస్తుండి సరిచేయాలనుకోకండి. మామూలుగా రెండు గరిటెల కూర, ఒక గరిటె అన్నంతో మొదలుపెట్టండి.

మూడు నెలలకి మళ్ళీ అవే పరీక్షలు. మా అమ్మకి బీపీ అంకె తగ్గితే తనే మాత్ర ఆపేద్దామనుకుంది. ఆపనివ్వలేదు. రాసుకున్న అంకెల పుస్తకం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూడు నెలల పేజీలూ తిప్పి చూసి, మోతాదు సగం చేసి, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ మా వంటింట్లో ఉప్పుడబ్బా పక్కనే ఉంది.